చేసుకున్నవారికి చేసుకున్నంతేనా?

తాగి లివర్ చెడగొట్టుకున్నవాడికి ప్రభుత్వ సొమ్ముతో వైద్యం ఎందుకన్న మాట ఆసుపత్రి వరండాల్లోనూ టీకొట్ల దగ్గరా తరచు వినిపిస్తుంది. బీడీలు కాల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నవారి గురించీ, ఒళ్లు పెంచుకుని షుగర్ తెచ్చుకున్నారని పేరుపడ్డవారి గురించీ ఇదే మాట. 'చేసుకున్నవారికి చేసుకున్నంత మహదేవా' అన్న సామెతను జనం ఊరికే తలుచుకోరు. కష్టపడి పన్ను కట్టి, అలవాట్లకు దూరంగా ఉన్న మనిషికి పక్కవాడి నిర్లక్ష్యానికి తన డబ్బు పోతోందన్న బాధ ఉంటుంది. ఆ బాధను పూర్తిగా తప్పుబట్టలేం.

ఈ అభిప్రాయంలోనూ మెట్లున్నాయి. ఖర్చంతా రోగే పెట్టుకోవాలనేవారు కొందరు. వైద్యం చేయండి గానీ వరుసలో చివర నిలబెట్టండి అనేవారు ఇంకొందరు. బీమా ప్రీమియం కాస్త ఎక్కువ వసూలు చేస్తే చాలన్నది మెత్తటి వాదం. ఆసుపత్రి గుమ్మంలో తప్పొప్పుల విచారణ పెట్టకూడదన్నది వీటన్నిటికీ ఎదురు నిలిచే వాదం. ప్రపంచంలో చాలా దేశాలు ఈ నాలుగింటిలో ఏదో ఒకదాన్ని ఎక్కడో ఒకచోట ప్రయత్నించి చూశాయి.

చర్చ ఇప్పటి రూపం తీసుకున్నది 1970లలో. 1974లో కెనడా ఆరోగ్య మంత్రి మార్క్ లలోండ్ పేరుతో వెలువడిన నివేదిక ఆరోగ్యాన్ని నిర్ణయించేవాటిని నాలుగుగా విడదీసింది. శరీర ధర్మం, పరిసరాలు, జీవనశైలి, వైద్య వ్యవస్థ. జీవనశైలికి అంత పెద్దపీట వేసిన ప్రభుత్వ పత్రం అంతకుముందు లేదు. మూడేళ్ల తర్వాత రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ అధ్యక్షుడు జాన్ నోల్స్ ఇంకో అడుగు ముందుకేశాడు. ఆరోగ్యం హక్కు అనే మాటకు బదులు, ఆరోగ్యాన్ని కాపాడుకోవడం ప్రతి మనిషి నైతిక బాధ్యత అనాలని ఆయన వాదించాడు. అదే ఏడాది, అంటే 1977లో, రాబర్ట్ క్రాఫోర్డ్ అనే పరిశోధకుడు దానికి జవాబు రాశాడు. బాధితుడినే దోషిగా నిలబెట్టి, జబ్బులు పుట్టించే పని పరిస్థితులనూ వ్యాపారాలనూ వదిలేస్తున్నారన్నది ఆయన అభ్యంతరం. యాభై ఏళ్లుగా జరుగుతున్న వాదనలన్నీ ఈ ఇద్దరి చుట్టూ తిరుగుతున్నవే.

అలవాటు మనిషి ఎంచుకున్నదేనా అన్న ప్రశ్నకు తెలుగునేల మీదే ఒక పాత పాఠం ఉంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో చుట్టను తలకిందులుగా కాల్చే అలవాటు ఉంది. దాన్ని అడ్డపొగ అంటారు. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు. ఈ అలవాటు మగవాళ్లకంటే ఆడవాళ్లలోనే ఎక్కువ. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు, చేతులు ఖాళీగా ఉంటాయి, పని ఆగదు. అమ్మను చూసి కూతురు, అత్తను చూసి కోడలు నేర్చుకున్నారు. ఆ వేడికీ పొగకూ అంగిలి తెల్లబారుతుంది, పుండ్లు పడతాయి, కొందరిలో కేన్సర్‌గా మారుతుంది. మామూలుగా అంగిలి కేన్సర్ అరుదు. ఈ తీరంలో అది కనిపించడం చూసి డెన్మార్క్ నోటి జబ్బుల నిపుణుడు పిండ్‌బోర్గ్, ముంబయి టాటా సంస్థ పరిశోధకులు కలిసి 10,169 మంది గ్రామస్థులను పరీక్షించారు. ఆ ఫలితాలు 1971లో అచ్చయ్యాయి.

ఆ స్త్రీలలో ఒకరికి కేన్సర్ వస్తే అది ఆమె 'స్వయంకృతం' అనవచ్చా? చుట్టతో కేన్సర్ వస్తుందని ఆమెకు చెప్పినవారు లేరు. నోరు చూసే దంతవైద్యుడు ఆ చుట్టుపక్కల లేడు. పుండు పడ్డాక కూడా అది కేన్సర్‌కు తొలిమెట్టని తెలిసే దారి లేదు. ఇక్కడ అలవాటూ, వైద్యం అందకపోవడమూ వేర్వేరు విషయాలు కావు. దీనికి గట్టి రుజువు కూడా వచ్చింది. కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్, ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీకాకుళం జిల్లాల్లో 36 వేల మందికి పైగా పొగాకు వాడేవారితో 1970ల చివర ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. ఏటా వాళ్ల నోళ్లు పరీక్షించారు, ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడారు, సినిమాలు చూపించారు. ఇలా చెప్పించుకున్నవారిలో మానినవారు, తగ్గించినవారు ఎక్కువగా తేలారు. కేన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు కూడా వాళ్లలో తగ్గాయి. మనిషి వెళ్లి మర్యాదగా చెబితే వినేవారు పెరిగారన్నమాట. మందలింపు అక్కర్లేకపోయింది.

తప్పు మోపే ముందు జబ్బుకు కారణం తెలిసి ఉండాలన్నది రెండో చిక్కు. ఉద్దానం దీనికి గట్టి ఉదాహరణ. శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి, జీడి తోటల నడుమ ఉన్న ఆ ప్రాంతంలో మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా కుటుంబాలను కూల్చేస్తోంది. బీపీ, షుగర్ లేనివారికీ వస్తోంది. నీళ్లనీ, ఎండలో చెమటోడ్చే పనినీ, ఒంటినొప్పుల మాత్రలనీ, ఇంకా ఎన్నిటినో అనుమానించారు. ఇదీ అసలు కారణం అని తేల్చలేకపోయారు. నొప్పి మాత్రల సంగతే తీసుకుంటే, రోజంతా తోటపని చేసి సాయంత్రం కొట్లో మాత్ర కొనుక్కుని వేసుకునే కూలీది చెడు అలవాటు అనాలా? ఒక రోజు కూలీ వదులుకుని డాక్టరు దగ్గరికి వెళ్లే స్తోమత లేక వెతుక్కున్న దారి అనాలా? పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. అక్కడికి వచ్చే రోగులను ఎవరూ అలవాట్ల లెక్కన వేరు చేయలేదు. వేరు చేయాలన్నా కుదరదు.

అలవాట్లు తెలిసినంత మాత్రాన జబ్బు మొత్తం వివరణకు లొంగదని బ్రిటన్‌లో ప్రభుత్వోద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం చూపింది. అందరూ ఉద్యోగస్తులే, అందరికీ ఉచిత వైద్యమే. అయినా అడుగు మెట్టు ఉద్యోగుల్లో గుండెజబ్బు చావులు పై అధికారులకంటే మూడు రెట్లకు మించి ఉన్నాయి. పొగ, బీపీ, కొలెస్ట్రాల్ లాంటివన్నీ కలిపి చూసినా ఆ తేడాలో సగాన్ని కూడా వివరించలేకపోయాయి. హోదా తగ్గేకొద్దీ పని మీద తమ అదుపు తగ్గడం కూడా జబ్బుకు దారి తీస్తుందని ఆ తర్వాతి పరిశోధనలు చెప్పాయి.

ఇక డబ్బు సంగతి. చెడు అలవాట్లవాళ్లు ఖజానాకు బరువన్న నమ్మకం అందరిలో ఉంది గానీ, లెక్క వేసినవాళ్లకు వింత జవాబులు వచ్చాయి. 2008లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఇరవయ్యో ఏడు నుంచి చావు దాకా ఒక మనిషి మీద అయ్యే వైద్య ఖర్చును అంచనా కట్టారు. ఏ అలవాటూ లేని ఆరోగ్యవంతుడికి 2,81,000 యూరోలు, స్థూలకాయుడికి 2,50,000, పొగతాగేవాడికి 2,20,000. పొగతాగేవాడు ముందే చచ్చిపోతాడు కాబట్టి ముసలితనపు ఖర్చు మిగులుతుంది. ఇదే తర్కంతో 2001లో ఫిలిప్ మోరిస్ సిగరెట్ కంపెనీ చేయించిన ఒక నివేదిక ముందే వచ్చే చావులను చెక్ ప్రభుత్వానికి లాభంగా చూపింది. లోకమంతా ఛీకొట్టాక కంపెనీ క్షమాపణ చెప్పుకుంది. ఆరోగ్యాన్ని ఖర్చు లెక్కలోకి మాత్రమే దింపితే ఎక్కడికి చేరతామో ఆ నివేదిక చూపించింది.

మన దేశం లెక్క వేరు. ఇక్కడ పొగాకు జబ్బులు పనిచేసే వయసులోనే మనుషులను పడగొడతాయి, సంపాదన పోతుంది, ఇల్లు అప్పులపాలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో జరిగిన అధ్యయనం 2017-18లో పొగాకు వల్ల దేశానికి అయిన నష్టాన్ని 1,77,341 కోట్ల రూపాయలుగా అంచనా వేసింది. ప్రభుత్వానికి పొగాకు మీద వచ్చే ప్రతి 100 రూపాయల ఎక్సైజ్ పన్నుకు సమాజం మీద 816 రూపాయల భారం పడుతోందని తేల్చింది. పొగతాగేవాడు తన ఖర్చు పన్ను రూపంలో ముందే కట్టేశాడన్న వాదన ఇక్కడ నిలవదు. అయితే ఆ లోటును రోగి మంచం దగ్గర వసూలు చేయాలా, బడ్డీకొట్టు దగ్గరా? ప్రజారోగ్య నిపుణుల్లో ఎక్కువమంది బడ్డీకొట్టు వైపే చూపిస్తారు. ధర పెరిగితే కొత్తగా మొదలుపెట్టే కుర్రాళ్లు తగ్గుతారు. మంచం దగ్గర వసూలు చేస్తే అప్పటికే జరిగిన నష్టం తగ్గదు.

కొట్టు వైపు చూస్తే మాత్రం ప్రభుత్వాల మొహం చెల్లదు. సిగరెట్‌తో పోలిస్తే బీడీ మీద పన్ను చాలాకాలంగా తక్కువ. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో బీడీలు చుట్టే ఆడవాళ్ల బతుకు దానితో ముడిపడి ఉంది. తెలంగాణ ప్రభుత్వం వాళ్లకు పింఛను కూడా ఇస్తోంది. ఆంధ్రప్రదేశ్ దేశంలో సిగరెట్ పొగాకు పండించే ముఖ్య రాష్ట్రాల్లో ఒకటి. పొగాకు బోర్డు గుంటూరులో ఉంది. మద్యం సంగతి చెప్పనక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీద తిరగబడితే ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారాను నిషేధించారు. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. రెండేళ్లకే, 1997లో, దాన్ని ఎత్తేశారు. ఎక్సైజ్ రాబడి లేకపోవడం దానికి చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో తెలంగాణ మగవారిలో మద్యం తాగేవారు 43 శాతం. ఖజానా ఒక చేత్తో మద్యం రాబడి తీసుకుంటూ, అదే మద్యం తెచ్చిన జబ్బుకు నీదే తప్పు అనడం న్యాయమనిపించుకోదు.

అలాగని వైద్యంలో అలవాట్ల ప్రస్తావనే రాకూడదని కాదు. రావలసిన చోట్లు రెండున్నాయి. ఒకటి శస్త్రచికిత్స. పొగతాగేవారిలో గాయం ఆలస్యంగా మానుతుంది, ఊపిరితిత్తుల చిక్కులు వస్తాయి. నెల రోజులో, ఇంకాస్త ఎక్కువో ముందు మానితే ముప్పు తగ్గుతుంది. తొందర లేని ఆపరేషన్‌కు ముందు మానమని డాక్టరు పట్టుబట్టడం రోగి మేలు కోరే. ఆ జాగ్రత్త శిక్షగా మారినప్పుడే గొడవ. 2016లో ఇంగ్లండ్‌లోని యార్క్ ప్రాంతపు వైద్య సేవల సంస్థ స్థూలకాయులకు ఏడాది వరకూ, పొగతాగేవారికి ఆరు నెలల వరకూ కొన్ని ఆపరేషన్లు వాయిదా వేయాలని తలపెట్టింది. అప్పుడు ఆ సంస్థ డబ్బు ఇబ్బందుల్లో ఉంది. సర్జన్ల సంఘం అభ్యంతరం చెప్పింది, పై అధికారులు కొంతకాలం ఆపించారు. మోకాలి నొప్పితో నడవలేని మనిషిని బరువు తగ్గి రమ్మనడంలో ఉన్న ఎకసెక్కం జనానికి వెంటనే తెలిసిపోయింది.

రెండోది కాలేయ మార్పిడి. ఇక్కడ వాదన నిజంగా కష్టమైనది. చనిపోయినవారి నుంచి వచ్చే కాలేయాలు చాలా తక్కువ. ఒకరికి ఇస్తే ఇంకొకరికి లేదు. అందుకే తాగుడు మాని ఆరు నెలలైతే తప్ప జాబితాలో చేర్చకూడదన్న నియమం 1980, 90లలో అమెరికాలో చాలా ఆసుపత్రులు పెట్టుకున్నాయి. బ్రిటిష్ ఫుట్‌బాల్ తార జార్జ్ బెస్ట్ కథ ఆ నియమానికి బలం చేకూర్చింది. 2002లో ఆయనకు కాలేయ మార్పిడి జరిగింది, మళ్లీ తాగాడు, 2005 నవంబరులో 59 ఏళ్లకు చనిపోయాడు. ఒక కాలేయం వృథా అయిందని జనం మండిపడ్డారు.

అయితే ఒక ప్రముఖుడి కథను బట్టి నియమం రాయలేరు. తాగుడుతో కాలేయానికి తీవ్రమైన వాపు వచ్చి, మందులకు లొంగని రోగులు ఆరు నెలలు ఆగలేరు, ఆలోపే చనిపోతారు. ఫ్రాన్స్, బెల్జియం వైద్యులు అలాంటి 26 మందిని జాగ్రత్తగా ఎంచి, ఆగకుండా మార్పిడి చేశారు. 2011లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆరు నెలలకు వారిలో 77 శాతం బతికి ఉన్నారు. మార్పిడి జరగని అలాంటి రోగుల్లో 23 శాతమే మిగిలారు. తర్వాత మళ్లీ తాగినవారు ముగ్గురు. ఎవరు మళ్లీ తాగుతారన్నది నెలల లెక్క కంటే కుటుంబం అండ, రోగికి తన జబ్బు మీద ఉన్న ఎరుక బాగా చెబుతాయని ఆ వైద్యులు భావించినట్టు వాళ్లు రోగులను ఎంచుకున్న తీరును బట్టి అర్థమవుతుంది. ఆ తర్వాత చాలాచోట్ల ఆరు నెలల పట్టు సడలింది. మన దేశంలో ఇంకో మెలిక ఉంది. ఇక్కడ జరిగే కాలేయ మార్పిళ్లలో ఎక్కువ భాగం బతికున్న బంధువు తన కాలేయంలో ముక్క ఇస్తే జరిగేవి. భార్యో కొడుకో ఇస్తున్నప్పుడు 'ఇంకొకరి వంతు లాక్కున్నాడు' అన్న వాదనకు తావు లేదు. అక్కడ అడగాల్సింది, ఇచ్చే మనిషి మీద ఇంట్లో ఒత్తిడి ఏమైనా ఉందా అని.

బీమా నిబంధనలు ఒక్కో దేశంలో ఒక్కో తీరు. అమెరికాలో 2010 నాటి చట్టం కింద వ్యక్తిగత బీమా కంపెనీలు పాత జబ్బుల పేరుతో ప్రీమియం పెంచకూడదు. పొగాకు వాడేవారి దగ్గర మాత్రం 50 శాతం వరకూ ఎక్కువ తీసుకోవచ్చు. కొన్ని రాష్ట్రాలు దీన్నీ ఒప్పుకోలేదు. జర్మనీలో పచ్చబొట్టు, అందం కోసం చేయించుకున్న ఆపరేషన్ వికటిస్తే ఖర్చులో కొంత రోగి భరించాలి. సిగరెట్, మద్యం జబ్బులకు ఆ షరతు లేదు. ఏటా పళ్లు చూపించుకున్నట్టు కార్డులో ముద్ర వేయించుకున్నవారికి కట్టుడు పళ్ల ఖర్చులో ఎక్కువ వాటా ఇస్తారు. శిక్ష కంటే బహుమానం మేలన్న ఆలోచన అది. ఈ వరుసలో అతి తక్కువ గొడవ తెచ్చింది కూడా అదే.

భారతదేశంలో ఆరోగ్య బీమా పాలసీల ప్రామాణిక మినహాయింపుల్లో తాగుడు, మాదకద్రవ్యాల వ్యసనానికి, వాటి పర్యవసానాలకు చికిత్స ఒకటి. ఆ 'పర్యవసానాలు' అన్న మాట దగ్గరే క్లెయిములు ఇరుక్కుంటాయి. ఆసుపత్రి కేస్‌షీట్‌లో 'మద్యం అలవాటు ఉంది' అని ఒక్క ముక్క రాసి ఉంటే కాలేయ జబ్బు క్లెయిము నిలబడడం కష్టమవుతుంది. ఇక్కడొక విడ్డూరం ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో వచ్చే మానసిక స్థితులను మానసిక రుగ్మతల నిర్వచనంలో చేర్చింది. శరీర జబ్బులకు ఎలా బీమా ఇస్తారో మానసిక రుగ్మతలకూ అలాగే ఇవ్వాలంది. చట్టం జబ్బు అంటోంది, పాలసీ తప్పు అంటోంది.

ప్రభుత్వ పథకాల దగ్గర పరిస్థితి కొంత నయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ, పేదవాడికి గుండె ఆపరేషన్, కేన్సర్ చికిత్స చేయించే ముందు నువ్వు బీడీ తాగుతావా అని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడగకపోవడం ఆ పథకం చేసిన పెద్ద మేలు. లోపం వేరే చోట ఉంది. ఈ పథకాల బరువంతా ఆసుపత్రిలో చేరాక చేసే చికిత్స మీదే. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ పథకం ఓపీ వైద్యాన్నీ, మత్తు మాన్పించే పునరావాసాన్నీ తన పరిధిలోకి తీసుకోలేదు. గుండెపోటు వస్తే లక్షలు, అది రాకుండా ఆపే రెండు రూపాయల బీపీ మాత్రకు రోగి సొంత జేబు, లేదా పీహెచ్‌సీలో మందు ఉన్న రోజు కోసం ఎదురుచూపు. మైదాన ప్రాంతంలో 30 వేల మందికి, గిరిజన ప్రాంతంలో 20 వేల మందికి ఒక పీహెచ్‌సీ ఉండాలన్నది నిబంధన. మధ్యలో ఉన్న ఊళ్లను చూసుకునేది ఎక్కువగా ఆర్‌ఎంపీ డాక్టరే. బీపీ మాత్ర మధ్యలో ఆపేసినవారిని 'నిర్లక్ష్యం' అని తిట్టడం తేలిక. వాళ్లలో ఎంతమంది మందు దొరక్క ఆపారో చూడాలి. దేశంలో బీపీ రోగులను వదలకుండా వెంటపడి చూసే కార్యక్రమం 2017 చివర్లో అయిదు రాష్ట్రాల్లో మొదలైనప్పుడు తెలంగాణ అందులో ఉంది. ఊళ్లోనే నెల నెలా మందు ఇవ్వడం, రానివారిని కబురంపి పిలిపించడం దాని పద్ధతి. బీపీ అదుపులో ఉన్నవారి సంఖ్య ఆ పద్ధతితోనే పెరిగింది.

నిందకు ఇంకో చెడు ఫలితం ఉంది. అది డాక్టర్ల గదిలో బయటపడుతుంది. తిడతారన్న భయంతో రోగి ఎంత తాగుతాడో సగం చెబుతాడు, ఖైనీ సంగతి అసలు చెప్పడు. తప్పుడు సమాచారంతో మత్తు మందు డోసు నుంచి మాత్రల ఎంపిక దాకా అన్నీ తారుమారవుతాయి. కేన్సర్ వార్డులో ఊపిరితిత్తుల రోగిని అందరూ మొదట అడిగేది సిగరెట్ గురించే. ఎన్నడూ పొగ తాగని ఆడవాళ్లు, కట్టెల పొయ్యి పొగలో ఏళ్ల తరబడి వండినవాళ్లు ఆ ప్రశ్నకు మౌనంగా తలదించుకుంటారు.

2016-17 జాతీయ పొగాకు సర్వే ప్రకారం పొగతాగేవారిలో సగానికి పైగా మానాలనే అనుకుంటున్నారు. అంతకుముందు ఏడాదిలో వైద్యుల దగ్గరికి వెళ్లిన పొగతాగేవారిలో మానమన్న సలహా విన్నవారు మాత్రం సగం కంటే కాస్త తక్కువ. మానితే కలిగే మేలు ఎంతో బ్రిటిష్ డాక్టర్ల మీద యాభై ఏళ్లు సాగిన అధ్యయనం 2004లో తేల్చింది. ముప్పయ్యో ఏట మానినవారికి పదేళ్ల ఆయుష్షు, నలభయ్యో ఏట తొమ్మిదేళ్లు, యాభయ్యో ఏట ఆరేళ్లు, అరవయ్యో ఏట కూడా మూడేళ్లు తిరిగి దక్కాయి. పొగాకు మానాలనుకునేవారికి జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356, మద్యం, మాదకద్రవ్యాల నుంచి బయటపడాలనుకునేవారికి 14446. రెండూ ఉచితమే.